కారు అల్లాయ్స్ (అల్యూమినియం రిమ్ములు) మీద సమాన దూరంలో నాలుగు గాట్లు పడ్డాయి. టైర్ల షాపులో అసలేం చూసుకోవాలి?

గోదారి_క్యాషియర్ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నాది 2021లో కొన్న ఐ20 ఆస్టా. టైర్లు 195/55 ఆర్16, కంపెనీ ఇచ్చిన డైమండ్ కట్ అల్లాయ్స్. 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఫుట్‌పాత్ అంచుకి రాయించలేదు. పార్కింగ్ చేసేటప్పుడు మా ఆవిడ దిగి వెనక నిలబడి "ఇంకా జానెడు ఉంది, రండి" అంటే తప్ప వెనక్కి పోనివ్వను. కాలనీలో నా మీద జోకులు కూడా ఉన్నాయి.

అలాంటి బండికి పోయిన నెల ముందు రెండు టైర్లు మార్పించాను. ఆదివారం సాయంత్రం వెళ్లడం నా తప్పే. ఏడెనిమిది బళ్లు లైన్లో ఉన్నాయి. కస్టమర్లు ఏసీ గదిలో కూర్చోవాలట, మెషిన్లు అద్దం అవతల. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ముప్పావు గంటలో "అయిపోయింది సార్" అన్నారు. టైర్లకి నల్లగా పాలిష్ కొట్టి ఇచ్చారు, నిగనిగలాడుతున్నాయి. ముచ్చటపడి 50 రూపాయలు టిప్పు కూడా ఇచ్చాను.

పొద్దున్నే తడిగుడ్డతో చక్రాలు తుడుస్తుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. కళ్లజోడు తెచ్చుకుని చూశాను.

ఎడమ చక్రానికి వాల్వు నుంచి బెత్తెడు దూరంలో, రిమ్ము అంచు మీద చిటికెన వేలి గోరంత నొక్కు. దాని పక్క నుంచి కంపాస్ పెట్టి గీసినట్టు వంపుగా ఒక గీత, వేలెడు పొడవు. కుడి చక్రానికి అలాంటిది లేదు కానీ అంచు చుట్టూ నాలుగు చోట్ల పంటిగాట్లలాంటివి ఉన్నాయి. దర్జీ టేపు పెట్టి కొలిచాను. నాలుగింటి మధ్య దూరం సరిగ్గా సమానం. ఇదే నాకు అంతుపట్టలేదు, గుంతలో పడితే సమాన దూరంలో దెబ్బలు తగలవు కదా! ఇక రెండు చక్రాలకీ నట్లు కూర్చునే గుంతల్లో నల్ల పెయింటు గుండ్రంగా లేచిపోయి తెల్లగా కనిపిస్తోంది.

షాపుకి వెళ్తే ఓనరు మర్యాదగానే మాట్లాడాడు. "సార్, ఇవి పాతవే అయ్యుంటాయి, మీరు ఇప్పుడు చూశారు" అన్నాడు. నా దగ్గర ముందు తీసిన ఫొటో లేదు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో "అల్లాయ్ డ్యామేజీకి బాధ్యత లేదు" అని ఉంది. నేను బ్యాంకులో క్యాషియర్ని. "కౌంటర్ దాటాక లెక్క తేడా వస్తే మాకు సంబంధం లేదు" అని రోజూ పదిమందికి చెప్పేవాణ్ని. ఇక ఏ మొహం పెట్టుకుని వాదిస్తాను? వచ్చేశాను.

ఇప్పుడు వెనక రెండు టైర్లు కూడా మార్చాలి. నా సందేహాలు ఇవీ. ఈ గాట్లు ఎలా పడ్డాయి? ఈసారి పక్కన నిలబడితే ఏం చూడాలి, ఏం చెప్పాలి? చెబితే ఆ కుర్రాళ్లు "నువ్వు మాకు నేర్పుతావా" అనుకోకుండా ఎలా చెప్పాలి? పడిన నొక్కుని అలా వదిలేయొచ్చా?

ట్రాక్టర్_తమ్ముడు (తెనాలి)

అన్నా, నా సలహా ఒక్కటే. స్టీలు డిస్కులు వేయించుకోండి. నాది పాత ఆల్టో. పంక్చర్ షాపు వాడు చక్రాన్ని లాగి నేల మీద పడేసినా, సుత్తితో కొట్టినా, దాని మీద కూర్చుని టీ తాగినా నాకు టెన్షన్ లేదు. వీల్ క్యాపులు మాత్రం ఇప్పటికి మూడు ఊడిపోయాయి, నాలుగోది తీగతో కట్టాను.

జోక్ పక్కన పెడితే, మీరు టేపు పెట్టి కొలిచారు చూడండి, దానికి దండం.

బెజవాడ_టైర్ల_బాబాయ్ (విజయవాడ)

క్యాషియర్ గారూ, ఆటోనగర్‌లో 17 ఏళ్లు టైరు మెషిన్ మీద పనిచేసినవాణ్ని. నడుం పట్టేసి మానేశాను, ఇప్పుడు మా అన్నయ్య షాపులో బిల్లులు రాస్తున్నాను. మీరు కొలిచి రాశారు కాబట్టి నా పని తేలికైంది. గీత ఎక్కడుందో, ఏ ఆకారంలో ఉందో తెలిస్తే అది ఏ పనిలో పడిందో చాలావరకు చెప్పొచ్చు.

ముందు మీకు అంతుపట్టని నాలుగు గాట్లు. మెషిన్ మీద గుండ్రంగా తిరిగే బల్ల ఉంటుంది. దాని మీద నాలుగు దవడలు. పెడల్ తొక్కితే గాలితో కదిలి రిమ్ముని పట్టుకుంటాయి. అందుకే మీ గాట్ల మధ్య దూరం సమానం. స్టీలు రిమ్ముని లోపలి నుంచి బయటికి తన్ని పట్టినా పర్వాలేదు. అల్లాయ్‌ని అయితే బయటి అంచు దగ్గర పట్టాలి, దవడలకి ప్లాస్టిక్ తొడుగులు ఉండాలి. అవి అరిగి చిరిగిపోయినా చాలా షాపుల్లో మార్చరు. అప్పుడు లోపలి ఇనప పళ్లు బయటపడతాయి. పంటిగాట్లు అని మీరు రాసింది నూటికి నూరు పాళ్లు నిజం.

కానీ అసలు తప్పు అది కాదు. చక్రం ముఖం, అంటే బయటికి కనిపించే వైపు, పైకి ఉంటే దవడల గుర్తులు పడినా అడుగు అంచుకి పడతాయి, అంటే బండి లోపలికి ఉండే వైపు. మీకవి ఎప్పటికీ కనిపించేవి కావు. ముఖం వైపు కనిపిస్తున్నాయంటే ఆ కుడి చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి బిగించారు.

ముఖం పైకే ఎందుకు పెట్టాలో చెబుతాను, ఇది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. టైరు లోపలి అంచుని బీడు అంటాం. దాని లోపల ఉక్కు తీగల చుట్ట ఉంటుంది, అది సాగదు. మరి సాగని చుట్ట రిమ్ము అంచు దాటి బయటికి ఎలా వస్తుంది? రిమ్ము మధ్యలో ఒక లోతైన గాడి ఉంటుంది. ఒక పక్క బీడుని ఆ గాడిలోకి దింపితే ఎదుటి పక్క కాస్త వదులు దొరుకుతుంది. ఆ వదుల్లోంచే టైరు బయటికి వస్తుంది, అలాగే లోపలికి వెళ్తుంది. చాలా కార్ల రిమ్ములకి ఆ గాడి ముఖం వైపుకి దగ్గరగా ఉంటుంది. అందుకే ముఖం పైకి. బోర్లా పెడితే గాడి దూరమైపోతుంది, బీడు దిగదు. కుర్రాడు బలం వాడతాడు, బీడుని పైకి లేపే ఇనప రాడ్డు మీద ఒళ్లంతా వేస్తాడు, అది జారుతుంది. గాడి వెనక వైపు ఉండే రిమ్ములు కూడా కొన్ని ఉన్నాయి, వాటిని బోర్లానే పెట్టాలి. మీ ఐ20ది ఆ రకం కాదు.

ఎడమ చక్రం కథ వేరు. మెషిన్ మీద కొంగ ముక్కులా వంగిన ఒక పనిముట్టు ఉంటుంది. డక్ హెడ్ అంటారు, మేం ముక్కు అనే అంటాం. టైరు దాని మీదుగా జారుతూ బయటికి వస్తుంది. ఆ ముక్కుకీ రిమ్ముకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, సుమారు రెండు రూపాయి బిళ్లలు కలిపి దూర్చేంత. 14 అంగుళాల చక్రం తీసి 16 అంగుళాలది పెట్టినప్పుడు ఆ ఖాళీ మళ్లీ చూసుకోవాలి. తొందరలో చూసుకోకపోతే ముక్కు రిమ్ముకి ఆనుతుంది, బల్ల తిరుగుతుంది. బల్ల గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి గీత కూడా కంపాస్‌తో గీసినట్టే పడుతుంది. "కర్ర్" మని చప్పుడు రాగానే కుర్రాడు కాలు తీసేసి ఉంటాడు, అందుకే వేలెడుతో ఆగింది. ముక్కుకి ప్లాస్టిక్ తొడుగు ఉంటే ఆనినా గీత పడేది కాదు. గోరంత నొక్కు మాత్రం రాడ్డుది. వాల్వు పక్కనే ఉందన్నారు కదా, ముక్కుని సాధారణంగా వాల్వు దగ్గరే పెట్టి మొదలుపెడతాం, రాడ్డు దూర్చేదీ అక్కడే.

నట్ల గుంతల్లో గుండ్రటి మరక నట్లు విప్పి బిగించే గాలి గన్నుది. గన్నుకి తగిలించే సాకెట్ మందంగా ఉండి, గుంత గోడలకి రాసుకుంటూ తిరిగింది. అల్లాయ్‌కి పల్చటి గోడ ఉండి పైన ప్లాస్టిక్ తొడుగున్న సాకెట్ వేరే దొరుకుతుంది, వాడితే ఈ మరక పడదు.

ఇప్పుడు మీరు నిలబడి చూడాల్సినవి. బండి లోపలికి పెట్టకముందే మెషిన్ దగ్గరికి వెళ్లి ముక్కు మీద ప్లాస్టిక్ ఉందో లేదో చూడండి. ఒక్క చూపు చాలు. అది లేని షాపులో మిగతావేవీ ఉండవు, వచ్చేయండి. ఉంటే ఇంకో మాట అడగండి: "రాడ్డు లేకుండా టైరు మార్చే మెషిన్ ఉందా?" పెద్ద ఊళ్లలో అక్కడక్కడా ఉంది. లేకపోయినా కంగారేం లేదు, మామూలు మెషిన్ మీదే ఒక్క గీత లేకుండా వేలకొద్దీ చక్రాలు దింపాం.

చక్రం విప్పగానే సిమెంటు నేల మీద బోర్లా పడేస్తారు. గీతల్లో సగం ఇక్కడే పడతాయి, మెషిన్ మీద కాదు. ఇంట్లో పాత రబ్బరు మ్యాటు ఉంటే పట్టుకెళ్లండి, గోనె సంచి అయినా సరే. తర్వాత టైరు బీడుని రిమ్ము నుంచి విడగొట్టడానికి మెషిన్ పక్కన పారలాంటి రెక్క నొక్కుతుంది. అది రిమ్ము అంచుకి వేలి మందమంత దూరంలో టైరు మీదే ఆనాలి, వాల్వు దగ్గర అసలు ఆనకూడదు. మీ బండికి టీపీఎంఎస్ (టైర్లలో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు) ఉంటే వాల్వు వెనకాలే సెన్సార్ ఉంటుంది, రెక్క నొక్కితే పటుక్కుమని విరుగుతుంది. దాని ముందు అల్లాయ్ గీత చాలా చిన్న నష్టం.

టైరు తీసేటప్పుడు, ఎక్కించేటప్పుడు బీడుకి నురుగో పేస్టో దండిగా పూయాలి. చాలాచోట్ల బకెట్లో సర్ఫ్ నీళ్లే ఉంటాయి. టైరు పేస్టు మేలు. బీడు పొడిగా ఉన్నప్పుడే బలం ఎక్కువ వాడాల్సి వస్తుంది. గాలి పట్టేటప్పుడు రెండుసార్లు "టప్ టప్" మంటుంది, అది బీడు కూర్చున్న చప్పుడు. 40 పీఎస్ఐ దాటినా ఆ చప్పుడు రాకపోతే ఇంకా గాలి కొట్టనివ్వకండి. దింపి, మళ్లీ పేస్టు రాసి కొట్టాలి. ఆ టైములో చక్రం మీదకి వంగి చూడకండి.

బ్యాలెన్సింగ్‌లో (చక్రం అదరకుండా చిన్న బరువులు తగిలించే పని) వెనక వైపు అంటించే వెయిట్లే వేయమనండి. సుత్తితో కొట్టి అంచుకి తగిలించే క్లిప్పు వెయిట్లు అల్లాయ్‌కి వద్దు. క్లిప్పు కింద పూత లేచిపోతుంది, తుప్పులాంటి తెల్ల బూజు అక్కడే మొదలవుతుంది. పాత వెయిట్లు పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ కాకుండా ప్లాస్టిక్ పట్టీ వాడాలి.

బిగింపు సంగతి. నట్లు ముందు చేత్తో తిప్పాలి, తర్వాత ఎదురెదురుగా బిగించాలి. చివరి బిగింపు గన్నుతో కాదు, బలం కొలిచి బిగించే టార్క్ రెంచితో. హ్యుందాయ్ మాన్యువల్‌లో 11 నుంచి 13 కేజీఎఫ్ మీటర్లు అని ఉంటుంది. గన్ను దానికి ఎంతో ఎక్కువ బిగించేయగలదు. రేపు హైవే మీద పంక్చరైతే స్టెప్నీ మార్చడానికి పానా మీద ఎక్కి గెంతాలి, అప్పుడు తెలుస్తుంది. వంద కిలోమీటర్లలోపు ఒకసారి మళ్లీ బిగింపు చూపించుకోండి.

ఇంకోటి. రెండే టైర్లు మార్చినప్పుడు కొత్తవి వెనక వేయాలి, ముందు కాదు. వానలో వెనక చక్రాలు జారితే బండి చేతిలో ఉండదు. మీకు ఎవరూ చెప్పలేదనుకుంటా. ఇప్పుడెలాగూ నాలుగూ కొత్తవే అవుతున్నాయి కాబట్టి ఆ గొడవ లేదు.

కుర్రాళ్లకి ఎలా చెప్పాలని అడిగారు. నా సంగతి చెబుతాను. నేను చేరిన రెండో ఏడు ఒకాయన కొత్త కారు తెచ్చాడు, సిల్వర్ అల్లాయ్స్. రాడ్డు జారి అంచు లేచింది. ఆయన టీ తాగడానికి వెళ్లాడు. నేనేం చేశానో తెలుసా? నల్ల పాలిష్ కాస్త దండిగా కొట్టి గీత మీదకి కూడా పూసి ఇచ్చేశాను. ఆయన చూసుకుని మురిసిపోయి నాకు 20 రూపాయలు ఇచ్చాడు. మళ్లీ ఎప్పుడూ మా షాపుకి రాలేదు. గీత చూసి రాలేదో, ఊరే మారిపోయాడో నాకు తెలీదు. మీ పోస్టులో పాలిష్, టిప్పు సంగతి చదివాక ఆయనే గుర్తొచ్చాడు. అందుకే ఇంత రాశాను.

గోదారి_క్యాషియర్

బాబాయ్ గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. అద్దం అవతల నుంచి చూసినప్పుడు మెషిన్ మీద ఒక చక్రం వెనక భాగం కనిపించింది. నల్లటి బ్రేకు మసి పట్టి ఉంది, "ఎంత మురికి పట్టిందో" అనుకున్నాను. అంటే బోర్లా పెట్టారన్నమాట! కళ్లెదురుగా జరుగుతున్నా తెలీలేదు.

ఆ పాలిష్ కథ చదివి కోపం రాలేదు, నిజం. కానీ కుర్రాళ్లకి ఎలా చెప్పాలో మాత్రం మీరు చెప్పలేదు.

బెజవాడ_టైర్ల_బాబాయ్

అవును, నా సోదిలో పడి మర్చిపోయాను. "జాగ్రత్తగా చెయ్యి, గీత పడితే ఊరుకోను" అనకండి. ఆ మాట రోజుకి ఇరవైసార్లు వింటాం, చెవికి ఎక్కదు. పని మొదలుపెట్టకముందే ఆ కుర్రాడి పేరు అడగండి. "వంశీ, ఇవి డైమండ్ కట్, ఒకసారి దెబ్బ తిన్నాయి, ఈ అంచు చూడు" అని పాత నొక్కు చూపించండి. దెబ్బ చూపిస్తే చేతికి భయం వస్తుంది. ఆదివారం వద్దు, మంగళవారం పొద్దున 10 గంటలకి వెళ్లండి. టిప్పు ఇచ్చే ఉద్దేశం ఉంటే పనికి ముందే ఇవ్వండి.

సముద్రం_గాలి (విశాఖపట్నం)

నొక్కుని వదిలేయొచ్చా అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. వదిలేయకండి.

మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర. నా బండికి కూడా డైమండ్ కట్టే. ఆ మెరుపు పెయింటు కాదండీ. అల్యూమినియంని లేతు మీద పల్చగా చెక్కి, దాని మీద పారదర్శకంగా లక్కర్ పూత వేస్తారు. పూత తెగితే లోహానికి రక్షణ పోయినట్టే. నేను వేలి గోరంత గీతే కదా అని వానాకాలమంతా వదిలేశాను. దసరాకి చూసుకుంటే గీత దగ్గర నుంచి పూత కింద తెల్లగా, వానపాము పాకినట్టు సన్నటి దారులు. నాలుగు నెలల్లో అరచేయంత అయింది. తుడిస్తే పోదు, ఎందుకంటే అది పూతకి లోపల ఉంది. ఉప్పు గాలికి ఇది త్వరగా వస్తుంది. రాజమండ్రిలో మా అంత ఉండదేమో కానీ రాదని మాత్రం కాదు.

మీది నొక్కే కాబట్టి ఇలా చేయండి. షాంపూతో కడిగి బాగా ఎండనివ్వండి, ఎండలో కాదు, నీడలో. గుచ్చుకునే మొనలు ఉంటే సన్నటి నీటి కాగితంతో, అదే 1000 నంబరు సాండ్ పేపరుతో, నెమ్మదిగా నునుపు చేయండి. ఆ నొక్కు మీద మాత్రమే, చుట్టూ రుద్దొద్దు. స్పిరిట్‌తో తుడిచి, కారు టచప్‌కి దొరికే క్లియర్ లక్కర్ రెండు పూతలు వేయండి. నేను తొందరకి రంగులేని గోళ్ల పాలిష్ వేశాను. నవ్వొద్దు, కొత్త లక్కర్ కొనే వరకు కాపాడింది. దెబ్బ కనిపిస్తూనే ఉంటుంది, కాకపోతే పాకదు.

మొత్తం కొత్తదానిలా కావాలంటే కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేతు మీద మళ్లీ చెక్కేవాళ్లు ఉన్నారు. నేను చేయించాను. బాగా వచ్చింది. కానీ ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి అదే చక్రానికి పదేపదే చేయించే పని కాదు.

ఫొటోల సంగతి. షాపుకి బయల్దేరే ముందు కాదు, షాపులోకి వెళ్లాక, వాళ్ల బోర్డు వెనకాల కనిపించేలా నాలుగు చక్రాలకీ దగ్గర నుంచి వీడియో తీయండి. కుర్రాడు చూస్తుండగానే తీయండి. సగం జాగ్రత్త ఆ వీడియోతోనే వస్తుంది. చివర్లో బిల్లు కట్టకముందే తడిగుడ్డతో పాలిష్ తుడిచి చూసుకోండి. బాబాయ్ గారి కథ చదివాక ఇది నేను కూడా నేర్చుకున్నాను.

గుమాస్తా_గారబ్బాయి (హన్మకొండ)

రెండు ముక్కలు. టైర్లు వేశాక చక్రాల వాలు సరిచేసే అలైన్‌మెంట్ కూడా చేయిస్తారు కదా, అక్కడ చక్రానికి తగిలించే క్లాంపులు చూడండి. కొన్నింటికి ఇనప గోళ్లుంటాయి, అవి రిమ్ము అంచుని పట్టుకుంటాయి. టైరుని పట్టుకునే రకం క్లాంపులు ఉంటే అవి పెట్టమనండి. లేకపోతే గోళ్లకి ప్లాస్టిక్ తొడుగులైనా ఉండాలి. మాకు మెషిన్ మీద ఏం కాలేదు, ఇక్కడే మూడు గీతలు పడ్డాయి.

ఇక బిల్లు అడుగున "బాధ్యత లేదు" అని అచ్చు వేసినంత మాత్రాన అంతా అయిపోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. కాకపోతే ముందు ఫొటో లేకుండా మీరేం రుజువు చేస్తారు? మా బాబాయి ఇలాగే తిరిగితే చివరికి ఓనరే పిలిచి నాలుగు చక్రాలకీ ఉచితంగా బ్యాలెన్సింగ్ చేస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు, "మళ్లీ వాళ్ల చేతికి ఇస్తానా" అని.

గోదారి_క్యాషియర్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మార్చి ఆఖరు, బ్యాంకులో ఊపిరాడలేదు.

మంగళవారం సెలవు పెట్టి వేరే షాపులకి వెళ్లాను. మొదటి షాపులో ముక్కు మీద ప్లాస్టిక్ లేదు, నమస్కారం పెట్టి వచ్చేశాను. రెండో షాపులో ఉంది కానీ ఒక మూల అరిగి ఇనుము తొంగిచూస్తోంది. ఓనరుకి చూపించాను. ఆయన ఏమనుకుంటాడో అని గుండె దడదడలాడింది. ఆయన వంగి చూసి, డ్రాయరు తెరిచి, కొత్త తొడుగు తీసి కుర్రాడి చేతికిచ్చాడు. రెండు నిమిషాల పని! కవరు కూడా చింపని తొడుగులు ఇంకో నాలుగున్నాయి ఆ డ్రాయర్లో.

కుర్రాడి పేరు అడిగాను. పాత నొక్కు చూపించాను. "ఇది రాడ్డు జారింది సార్" అన్నాడు చూడగానే. బాబాయ్ గారు గుర్తొచ్చారు. వాళ్ల దగ్గర నేల మీద పరిచేదేమీ లేదు, మా ఇంటి తలుపు దగ్గరి కొబ్బరి పీచు పట్టా తీసుకెళ్లాను, దాని మీదే చక్రాలు పడుకున్నాయి. ముఖం పైకే పెట్టాడు. ముక్కు దింపాక వంగి ఖాళీ చూసుకున్నాడు. నేను చెప్పలేదు, అతనే చూసుకున్నాడు. పేస్టు అడిగితే డబ్బా తెరిచాడు, లోపల ఎండిపోయి ఉంది. సబ్బు నీళ్లే దండిగా పూశాడు. "టప్ టప్" రెండుసార్లు విన్నాను. టార్క్ రెంచి ఉంది కానీ గోడకి దుమ్ముపట్టి వేలాడుతోంది. తీయించాను. "టిక్" మని చప్పుడు వచ్చినప్పుడల్లా ఆ కుర్రాడు నా వంక చూసి నవ్వాడు. టైరు మీద తేదీ అంకెలు కూడా చూసుకున్నాను, నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఆరు నెలల పాతవే.

బిల్లు కట్టకముందు తడిగుడ్డతో పాలిష్ తుడిచాను. ఆ గుడ్డ ఇంటి నుంచే తీసుకెళ్లాను, అందరూ చూస్తున్నారు. అంచులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. నట్ల గుంతలు శుభ్రంగా ఉన్నాయి.

అప్పుడు మధ్యలో ఉండే కంపెనీ గుర్తు బిళ్ల చూశాను. దాని అంచున స్క్రూడ్రైవర్ గాటు ఒకటి. బ్యాలెన్సింగ్ మెషిన్ దగ్గర ఇంకో కుర్రాడు ఉన్నాడు. నేను అలైన్‌మెంట్ క్లాంపులు చూడ్డానికి అటు తిరిగినప్పుడు ముందు నుంచి గుచ్చి పీకాడట. ఓనరు "బిళ్ల కొత్తది తెప్పిస్తాను సార్" అన్నాడు, నంబరు తీసుకున్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.

మా ఆవిడ అడిగింది, "ఇంతకీ కొబ్బరి పీచు పట్టా ఏది?" అని. షాపులోనే మర్చిపోయాను.

బెజవాడ_టైర్ల_బాబాయ్

బిళ్ల గురించి చెప్పకపోవడం నా తప్పే. బ్యాలెన్సింగ్ మెషిన్ ఇరుసు మధ్యలోంచి దూరాలి కాబట్టి అది తీయక తప్పదు. చక్రం విప్పాక వెనక నుంచి వేలితో తోస్తే దానంతటదే ఊడి వస్తుంది, ముందు నుంచి గుచ్చాల్సిన పనే లేదు. పట్టా కోసం వెళ్లినప్పుడు బిళ్ల సంగతి కూడా అడగండి.

ట్రాక్టర్_తమ్ముడు

అన్నా, ఆ పట్టా ఈపాటికి షాపు గుమ్మం ముందు వేసేసి ఉంటారు.